జాంబీ కామెడీల్లో ఏది, ఎవరితో చూడాలి?

రెండేళ్ళ క్రితం దసరా సెలవుల్లో చిక్కడపల్లిలోని మా ఇంట్లో ఎనిమిది మందిమి సినిమాకి కూర్చున్నాం. పిన్ని, బావ, వదిన, పదో తరగతిలో ఉన్న వాళ్ళ అబ్బాయి, ఆఫీసు స్నేహితులు ఇద్దరు, కృష్ణానగర్‌లో ఎడిటింగ్ అసిస్టెంట్‌గా పనిచేసే మిత్రుడు, నేను. సినిమా ఎంచే పని నాది. పోస్టర్ బాగుంది, కింద కామెడీ అని ఉంది, పెట్టేశాను. అది పీటర్ జాక్సన్ 1992లో న్యూజిలాండ్‌లో తీసిన ‘బ్రెయిన్‌డెడ్’. బిర్యానీ అప్పుడే ప్లేట్లలో వడ్డించుకున్నాం. ఆ సినిమాలో భోజనాల బల్ల దగ్గర ఒక సీన్ ఉంది. జబ్బుచేసిన తల్లి చెవి ఊడి ఆమె ముందున్న గిన్నెలో పడుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఇక్కడ రాయను. పిన్ని ప్లేటు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది, ఆ రాత్రి మళ్ళీ హాల్లోకి రాలేదు.

ఆ సినిమా చెడ్డది కాదు. ఆ తరహాలో అంత తెగించి తీసినవాళ్ళు తక్కువ. నేను ఎంచిన పద్ధతి తప్పు. అప్పటినుంచి జాంబీ కామెడీలు, అంటే చచ్చి లేచి మనుషుల్ని కొరికే శవాలతో నవ్వించే సినిమాలు, వెతికి వెతికి చూశాను, వేరువేరు మనుషులతో మళ్ళీ చూశాను. ఏది ఎవరికి నప్పుతుందో ఇప్పుడు కొంత తెలుసు. అదే ఇక్కడ చెబుతున్నాను.

దయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది

మనకి హారర్ కామెడీ కొత్త కాదు. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’, మరుసటి ఏడాది ‘గీతాంజలి’, 2017లో ‘ఆనందో బ్రహ్మ’ వచ్చాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకున్నాం. ఆ అలవాటుతోనే జాంబీ సినిమా మొదలుపెడితే చాలామందికి నిరాశ కలుగుతుంది. మా వదిన అడిగిన మొదటి ప్రశ్న, “ఇంతకీ వీళ్ళకి ఏం అన్యాయం జరిగింది?” అని. ఆ ప్రశ్నలోనే తేడా అంతా ఉంది. మన దయ్యానికి ఒక కథ ఉంటుంది. ఎవరో మోసం చేసి ఉంటారు, ఒక కోరిక తీరకుండా ఉండిపోయి ఉంటుంది, ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, పగ తీరాక అది వెళ్ళిపోతుంది. జాంబీకి అవేవీ లేవు. దానికి పగ లేదు, మాట లేదు, ఆకలి ఒక్కటే. బతిమాలితే వినదు, మంత్రం వేస్తే పోదు.

జాంబీ దగ్గర కథ లేదు కాబట్టి కథంతా బతికున్నవాళ్ళ మధ్యే నడవాలి. తలుపు బయట వందమంది గోకుతుంటే లోపల నలుగురు పాత గొడవలు తవ్వుకుంటారు. ఎవరు ఎవరికి డబ్బు బాకీ, ఎవరు ఎవరికి ఫోన్ చేయలేదు, ఎవరి అమ్మని ముందు కాపాడాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా మనుషులు మారరని చూసినప్పుడు వచ్చే నవ్వు వేరు. అందులో మన ఇంట్లోవాళ్ళు కనిపిస్తారు. మరుక్షణం ఆ నలుగురిలో ఒకరికి కాటు పడుతుంది, ఇక ఆ మనిషీ జాంబీయే. అంతదాకా నవ్వించిన మనిషి కాబట్టే గుండె పట్టేస్తుంది. ఈ రెండూ ఒకే సీన్‌లో దొరకడం కోసమే నేను ఈ సినిమాలు చూస్తాను.

జార్జ్ రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’తో ఈ రకం జాంబీ స్థిరపడింది. విచిత్రం ఏమిటంటే ఆ సినిమాలో జాంబీ అనే మాటే వినిపించదు. 1978లో ఆయనే తీసిన మరో సినిమాలో చచ్చినవాళ్ళు షాపింగ్ మాల్ చుట్టూ తిరుగుతుంటారు, బతికున్నప్పటి అలవాటు కొద్దీ. కామెడీకి విత్తనం అక్కడే పడిందని నేను అనుకుంటాను.

కాబట్టి ఎంచుకునేటప్పుడు జాంబీలు ఎలా ఉన్నాయని కాదు, ఈ సినిమాలో ఎవరితో ఎవరు చిక్కుకుపోయారు అని అడగండి. మీ పక్కన సోఫాలో కూర్చునేవాళ్ళకి ఆ గుంపు దగ్గరగా ఉంటే సినిమా పండుతుంది. రెండో ప్రశ్న, రక్తం ఎంత. ఈ రెండూ తేలాకే భాష, నిడివి వగైరా.

మనవాళ్ళు తీసినవి రెండు

ముందుగా ‘జాంబీ రెడ్డి’, ‘గో గోవా గాన్’. ఒకటి తెలుగు, ఒకటి హిందీ. హిందీది తీసిన రాజ్, డీకే ఇద్దరూ మనవాళ్ళే, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నవాళ్ళు. ఆ మాట చెబితే మా బావ నమ్మలేదు.

‘జాంబీ రెడ్డి’ 2021 ఫిబ్రవరి 5న విడుదలైంది. కరోనా తర్వాత హాళ్ళు తెరుచుకున్న తొలి నెలలవి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మాస్కు పెట్టుకుని, కథలోనూ కరోనా ఉన్న సినిమాని, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు గురించి చూడటం నేను మరచిపోలేను. వెనక వరసలో ఎవరో దగ్గితే హాలంతా వెనక్కి తిరిగింది. కథ మనకి బాగా తెలిసిన దారిలో పోతుంది. గేమ్ తయారు చేసే కుర్రాళ్ళ బృందం హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు స్నేహితుడి పెళ్ళికి వెళ్తుంది. పెళ్ళికూతురి ఇల్లు ఫ్యాక్షన్ ఇల్లు. దర్శకుడు ప్రశాంత్ వర్మ చేసిన తెలివైన పని ఇక్కడే ఉంది. మనకి జాంబీ ఊరు ఎలా ఉంటుందో తెలియదు గానీ ఫ్యాక్షన్ ఊరు ఎలా ఉంటుందో ఇరవై ఏళ్ళ సినిమాలు చూసి కంఠతా వచ్చు. వేటకొడవళ్ళు, సుమోలు, మీసాలు, ఎదురింటి పగ. ఆ లోకంలోకి జాంబీని దింపేసరికి ఎవరికీ ఏమీ వివరించక్కర్లేకపోయింది. పగతో నరకడానికి వచ్చినవాడూ ఆకలితో కొరకడానికి వచ్చినవాడూ ఒకే వాకిట్లో ఎదురుపడతారు. హీరో తేజ సజ్జా 2002లో వచ్చిన ‘ఇంద్ర’లో చిన్ననాటి చిరంజీవిగా కనిపించిన పిల్లాడే అని గుర్తుంటే ఆ సన్నివేశాలు ఇంకాస్త బాగుంటాయి.

లోపాలు ఉన్నాయి. అసలు విషయానికి రావడానికి చాలాసేపు తీసుకుంటుంది. మొదటి సగంలో కొన్ని జోకులు టీవీ స్కిట్‌లా సాగుతాయి. కానీ గెటప్ శ్రీను కనిపించినప్పుడల్లా మా పిన్ని నవ్వింది. పెళ్ళి, విందు, చుట్టాలు ఉన్న కథ కాబట్టి పెద్దవాళ్ళకి పట్టు దొరుకుతుంది. రక్తం ఉంది, కొరకడం ఉంది. అయినా ‘బ్రెయిన్‌డెడ్’ పక్కన పెడితే ఇది చాలా సౌమ్యం. అన్ని వయసులవాళ్ళూ ఉన్న ఇంట్లో మొదటి జాంబీ కామెడీగా నేను దీన్నే పెడతాను.

‘గో గోవా గాన్’ 2013 మే నెలలో వచ్చింది. ముగ్గురు రూమ్మేట్లు గోవా వెళ్తారు, ఒక దీవిలో పార్టీకి పోతారు, అక్కడ కొత్త రకం మాత్రలు మింగినవాళ్ళు తెల్లారేసరికి జాంబీలవుతారు. సైఫ్ అలీ ఖాన్ రష్యన్ మాఫియా వాడినని చెప్పుకుంటూ తుపాకీతో దిగుతాడు. సినిమా బిగువుగా ఉంటుంది, రెండు గంటల్లోపే అయిపోతుంది. మాటలు చాలా సహజంగా ఉంటాయి. ఆ ముగ్గురూ ఇవి దయ్యాలా, మరేమిటా అని వాదించుకునే తీరు అచ్చం మన హాస్టల్ గదిలో రాత్రి రెండింటికి జరిగే వాదనే. అయితే బూతులు ఉన్నాయి, మత్తుమందులు ఉన్నాయి. అమ్మానాన్నల పక్కన కూర్చుని చూడలేం. మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో ముగ్గురు నలుగురు ఒక ఫ్లాట్‌లో ఉంటూ, గోవా ట్రిప్ అని ఏడాదిగా వాట్సాప్‌లో అనుకుంటూ ఉన్నవాళ్ళయితే మీకోసమే తీశారనిపిస్తుంది.

సినిమాగా రెండింటిలో ఏది మెరుగు అంటే ‘గో గోవా గాన్’ అంటాను. ఎక్కువమందితో చూడటానికి మాత్రం ‘జాంబీ రెడ్డి’.

ఇంగ్లీషులో రెండు, వేగంలో తేడా

‘షాన్ ఆఫ్ ద డెడ్’ 2004లో వచ్చింది, లండన్‌లో జరిగే కథ. ఎడ్గర్ రైట్, సైమన్ పెగ్ కలిసి రాశారు, రైట్ దర్శకుడు, పెగ్ హీరో. నిడివి 99 నిమిషాలు. ‘జాంబీలాండ్’ 2009 నాటి అమెరికా సినిమా, రూబెన్ ఫ్లైషర్ తీశాడు, 88 నిమిషాలే.

ఈ రెండింటినీ ఎప్పుడూ పక్కపక్కన పెడతారు గానీ నడకే వేరు. లండన్ సినిమాలో జాంబీలు నెమ్మదిగా ఈడ్చుకుంటూ వస్తాయి. అమెరికా సినిమాలో పరిగెత్తుకొస్తాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ కామెడీ అంతా దీనిమీదే ఆధారపడుతుంది. జాంబీ నెమ్మదిగా వస్తే మనుషులకి వాదించుకునే తీరిక దొరుకుతుంది. షాన్, వాడి స్నేహితుడు పెరట్లోకి వచ్చిన జాంబీల మీదికి పాత గ్రామఫోన్ రికార్డులు విసురుతారు. విసిరే ముందు ప్రతి రికార్డూ చూసి ఇది వద్దు, ఇది పర్వాలేదు అని ఏరుతారు. పాత క్యాసెట్లు పారేయమంటే ఒక్కొక్కటీ తీసి చూసే నాన్నలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. అదే జాంబీ పరిగెత్తుకొస్తే ఈ సీన్ పుట్టదు. అప్పుడు కామెడీ అంతా దెబ్బలో, తప్పించుకోవడంలో, ఒక్క ముక్క మాటలో రావాలి. ‘జాంబీలాండ్’ అదే చేస్తుంది. బతకడానికి పాటించాల్సిన నియమాలు తెరమీద అక్షరాలుగా పడుతుంటాయి. దమ్ము పెంచుకో, ఒకటికి రెండుసార్లు కాల్చు, బాత్రూమ్‌లో జాగ్రత్త, సీటు బెల్టు పెట్టుకో.

అందులో మనుషులు ఒకరినొకరు ఊరి పేరుతో పిలుచుకుంటారు. అసలు పేరు చెబితే దగ్గరితనం పెరుగుతుందని భయం. మన హాస్టళ్ళలో “ఒరే ఖమ్మం”, “ఏంట్రా నెల్లూరు” అని పిలుచుకున్నవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. మనం దగ్గరితనంతో అలా పిలుస్తాం, వాళ్ళు దూరం ఉంచడానికి. సొంతవాళ్ళని పోగొట్టుకున్న నలుగురు అపరిచితులు కారులో కలిసి పోతూ పోతూ ఒక కుటుంబం అవుతారు. ఉద్యోగానికి ఊరు వదిలి వచ్చి, కొత్త రూమ్మేట్లతో ఇంకా మొహమాటం పోనివాళ్ళు ఇది పెట్టుకుంటే బాగుంటుంది.

నా మనసు మాత్రం ‘షాన్’ దగ్గరే ఉంది. షాన్ ఇరవై తొమ్మిదేళ్ళవాడు, సేల్స్‌మన్ ఉద్యోగం, రోజూ అదే బార్, అదే స్నేహితుడు. ప్రేమించిన అమ్మాయి విసిగిపోయింది. పొద్దున లేచి వీధి చివరి కొట్టుకి నడిచి వెళ్ళి వస్తాడు. ఈ నడక సినిమాలో రెండుసార్లు వస్తుంది, ఒకసారి ఊరు మామూలుగా ఉన్నప్పుడు, ఇంకోసారి ఊరంతా జాంబీలైనప్పుడు. రెండోసారీ వాడు ఏమీ గమనించడు. కోఠి నుంచి హైటెక్ సిటీకి రోజూ ఫోన్‌లో తల దూర్చి మెట్రోలో పోయివచ్చే నాకు ఆ నడక చూసి వణుకు పుట్టింది. కారులో షాన్ సవతి తండ్రి మాట్లాడే రెండు మూడు నిమిషాలు ఉన్నాయి. అంతవరకూ వాళ్ళిద్దరికీ పడదు. ఆ సీన్‌లో మా బావ కళ్ళు తుడుచుకున్నాడు, ఆ వెంటనే వచ్చే దానికి నవ్వాడు. ఈ సినిమా రొమేరోకి ఎంత నచ్చిందంటే, 2005లో తాను తీసిన ‘ల్యాండ్ ఆఫ్ ద డెడ్’లో రైట్‌ని, పెగ్‌ని జాంబీలుగా కనిపించమని పిలిచాడు.

రెండింట్లోనూ రక్తం ఉంది. ‘షాన్’ చివర్లో బార్‌లో ఒక మనిషిని గుంపు చీల్చే సీన్ కటువుగా ఉంటుంది, తెలిసి ఉండండి. బ్రిటిష్ యాస మొదట్లో అందదు కాబట్టి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. మాటల్లో ముందే విసిరిన చిక్కుముళ్ళు తర్వాత విడిపోతుంటాయి. ఒక్క మాట పోయినా ఒక నవ్వు పోయినట్టే.

రక్తం వద్దనుకునేవాళ్ళకి

పిల్లలుంటే 2012 నాటి ‘పారానార్మన్’ చూడండి. బొమ్మల్ని ఒక్కో ఫ్రేమూ కదిలిస్తూ తీసిన యానిమేషన్. చనిపోయినవాళ్ళతో మాట్లాడగలిగే ఒక కుర్రాడి కథ. ఇందులో ఊరి జనమే జాంబీలకంటే భయంకరంగా ప్రవర్తిస్తారు. మరీ చిన్నపిల్లలు జడుసుకోవచ్చు, ఎనిమిది తొమ్మిదేళ్ళు దాటితే ఇబ్బంది లేదు. ప్రేమకథ కావాలంటే 2013 నాటి ‘వార్మ్ బాడీస్’. జాంబీ కుర్రాడు ప్రేమలో పడి మెల్లగా మనిషవుతుంటాడు. అతని మనసులో మాట మనకి వినిపిస్తుంటుంది. తియ్యగా, మెత్తగా సాగుతుంది. గట్టిగా నవ్వుకోవాలని కూర్చుంటే మాత్రం చాలదు.

ఓపిక ఉన్నవాళ్ళకి ఒకటి

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ‘వన్ కట్ ఆఫ్ ద డెడ్’. షినిచిరో ఉయెడా 2017లో జపాన్‌లో తీశాడు. ఖర్చు సుమారు 30 లక్షల యెన్‌లు, అంటే మన డబ్బులో అప్పటి లెక్కన ఇరవై లక్షల లోపే. నటులు ఒక నటనా శిక్షణ కేంద్రం వర్క్‌షాప్ నుంచి వచ్చినవాళ్ళు, ఎవరికీ పేరు లేదు. మొదట చిన్న హాళ్ళలో వేశారు. చూసినవాళ్ళు చెప్పుకుని చెప్పుకుని 2018లో దేశమంతా పాకి, పెట్టిన దానికి వెయ్యి రెట్లకు పైగా వసూలు చేసింది.

దీని గురించి చెప్పవలసింది తక్కువ, చెప్పకూడనిది ఎక్కువ. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్. పాడుబడ్డ కట్టడంలో జాంబీ సినిమా షూటింగ్ జరుగుతుంటే నిజం జాంబీలు వస్తాయి. ఆ 37 నిమిషాలు మీకు నాసిరకంగా అనిపిస్తాయి. నటన ఎబ్బెట్టుగా ఉంటుంది, మధ్యలో అర్థంలేని మౌనాలు వస్తాయి, కెమెరా ఎక్కడెక్కడికో పోతుంది. ఆపేయాలనిపిస్తుంది. ఆపకండి. ముందుగా ఎక్కడా ఏమీ చదవకండి, ట్రైలర్ కూడా చూడకండి. 37 నిమిషాల తర్వాత సినిమా మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు తెలుస్తుంది ఆ ప్రతి తప్పు వెనకా ఏముందో.

ఇందులో చిక్కుకుపోయిన గుంపు ఒక సినిమా యూనిట్. దర్శకుడు, అతని భార్య, కూతురు, తాగే నటుడు, సౌండ్‌మన్. పెద్ద పేరు లేదు, డబ్బు లేదు, టైమ్ అసలే లేదు, పని మాత్రం ఆగకూడదు. కృష్ణానగర్ మిత్రుడు ఈ సినిమా చూస్తూ సగం నుంచి లేచి నిలబడ్డాడు. ఆ వీధుల్లో పొద్దున్నే టీ బండి దగ్గర ఎవరో ఒకరు పిలుస్తారని ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులని, లైట్‌బాయ్‌లని, పేరు తెరమీద పడని అసిస్టెంట్లని మనం రోజూ చూస్తాం. వాళ్ళ పని ఎంత కష్టమో, అందులో ఎంత ఆనందముందో ఇంత ప్రేమగా చూపిన సినిమా నాకు ఇంకొకటి తెలియదు. మీ ఇంట్లోనో స్నేహితుల్లోనో షార్ట్ ఫిల్మ్ తీసినవాళ్ళుంటే మిగతావన్నీ పక్కన పెట్టి ఇదే చూపించండి. రక్తం ఉంది గానీ అది రంగు నీళ్ళని సినిమాయే మీకు చూపిస్తుంది. జపనీస్‌లోనే చూడండి, డబ్బింగ్ దొరికినా వద్దు. ఆ కంగారంతా వాళ్ళ గొంతుల్లో ఉంది.

పెట్టే ముందు

ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందో నెలనెలా మారుతుంటుంది, శుక్రవారమే వెతికి పెట్టుకోండి. అందరూ చేరాక వెతుకులాట మొదలుపెడితే అరగంట పోతుంది, చివరికి ఎవరో క్రికెట్ పెడతారు. భోజనాలు ముందే కానివ్వండి. మధ్యలో తినడానికి మిర్చి బజ్జీ, ఇరానీ చాయ్ చాలు, కూరలూ గ్రేవీలూ వద్దు. ఎవరికైనా రక్తం చూస్తే తల తిరిగే ఇబ్బంది ఉంటే అడిగి తెలుసుకోండి, మొహమాటంతో వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. కామెడీ అంటే పక్కవాళ్ళ నవ్వు కూడా కాబట్టి ఒంటరిగా ఫోన్‌లో చూడొద్దు.

‘వన్ కట్ ఆఫ్ ద డెడ్’కి పిన్నిని పిలవడానికి భయపడ్డాను. ఈసారి మొదట్లోనే, కాసేపు ఓపిక పట్టమని చెప్పాను. వదిన వాళ్ళ అబ్బాయి పక్కన కూర్చుని సబ్‌టైటిల్స్ చదివి తెలుగులో చెబుతూ పోయాడు. మొదటి ముప్పావు గంట ఆమె మాట్లాడలేదు. తర్వాత ఆమె నవ్వు వంటింటి దాకా వినిపించింది. పేర్లు పడుతుంటే అందరూ లేచారు గానీ ఆమె లేవలేదు. రాత్రి పదకొండయింది, ఆ మొదటి 37 నిమిషాలు మళ్ళీ పెట్టమంది.